ముందు ఆగడం, తర్వాతే పరుగు

మన పత్రికలో ఊరగాయల మీదా, ఉగాది నాటకాల మీదా, పిల్లలకు తెలుగు నేర్పడంలో పడే అవస్థల మీదా చాలామంది రాశారు. కార్ల మీద ఎవరూ రాసినట్టు నాకు గుర్తులేదు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళలో చాలామంది కార్ల కంపెనీల ఉప్పు తింటున్నవాళ్ళే. అయినా నలుగురం ఒకచోట చేరితే హైదరాబాదులో స్థలాల ధరలూ, పిల్లల మార్కులూ మాట్లాడుకుంటాం గాని, కారు విషయంలో మాత్రం "ఎంతకు కొన్నారు?" అన్న ప్రశ్న దాటి ముందుకు పోము. అందుకని ఈసారి మా ఇంటి గరాజు సంగతులు నాలుగు రాద్దామని కూర్చున్నాను. వంటల శీర్షిక కోసం పేజీ తిప్పిన అక్కచెల్లెళ్ళు మన్నించాలి.

2021లో మా అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. రెండు వేసవులు పనిచేసి దాచుకున్న డబ్బుతో కారు కొనుక్కుంటానన్నాడు. అందరి పిల్లలూ కొత్త కారు అడుగుతారు. వీడు తనకంటే తొమ్మిదేళ్ళు పెద్దదైన కారు అడిగాడు: 1994 హోండా సివిక్, మూడు తలుపులది. దాన్ని బాగుచేసి, పదునుపెట్టి, రేసు ట్రాకు మీద నడుపుతాడట. కాలేజీ చదువు మానేస్తాననలేదు, ఇంజనీరింగులో చేరడానికి ఒప్పుకున్నాడు. కారు మాత్రం కావాలన్నాడు.

మా ఆవిడ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ డాక్టరు. శని ఆదివారాల రాత్రి డ్యూటీల్లో ఆవిడ చూసేవి ఏమిటో ఇంట్లో చెప్పదు. ఆ మర్నాడు మాత్రం పిల్లలు బయటికి వెళ్తామంటే రెండుసార్లు ఆలోచిస్తుంది. అలాంటి మనిషి ముందు వాడు సివిక్ గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఏ ఇంజను పెడితే ఎన్ని హార్స్‌పవర్లు వస్తాయో, ఎన్ని సెకన్లలో అరవై మైళ్ళు అందుకుంటుందో అన్నీ చెప్పాడు. అంతా విని ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది.

"ఎంత జోరుగా పోతుందో చెప్పావు. ఎలా ఆగుతుందో చెప్పలేదేం నాన్నా?"

వాడి దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆవిడ మూడు షరతులు పెట్టింది. ఒకటి, రోడ్డు మీద జోరు అన్న మాట వినబడకూడదు, స్పీడు టికెట్టు ఒక్కటి వచ్చినా కారు అమ్మేయాలి. రెండు, ఆ కారులో ఏ మర చేయి వేసినా అది ఎందుకుందో వాడికి తెలియాలి, పని నాన్నతో కలిసి చేయాలి. మూడు, బ్రేకులూ టైర్లూ సీటూ పూర్తయ్యేదాకా ఇంజను జోలికి పోకూడదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ పరిశ్రమలో పనిచేస్తున్నాను. ఇంతకన్న మంచి పథకం నేను వేయలేను. అందుకే మారుమాట్లాడకుండా సంతకం పెట్టినంత పని చేశాను.

"అసలు వద్దని ఎందుకు చెప్పలేదండీ?" అని నన్ను చాలామంది అడిగారు. నా సమాధానం ఇది. పద్దెనిమిదేళ్ళవాడికి జోరు మీద మోజు ఉంటుంది. అది మన రక్తంలో లేదనుకోవడానికి వీల్లేదు. గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివే రోజుల్లో, 1980ల నడుమ, మేం నలుగురైదుగురం నెల్లూరు కుర్రాళ్ళం బస్సెక్కి షోలవరం వెళ్ళేవాళ్ళం. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలోనే ఉంది అది. రెండవ ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు పందేలు నడిపేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో వాళ్ళకు సొంత ట్రాకు వచ్చిందాకా అదే పెద్ద రంగస్థలం. మా వీధుల్లో డాక్టర్లూ, ప్లీడర్లూ తిరిగే ఫియట్ కార్లే అక్కడ లోపలి సీట్లు పీకించుకుని సింహాల్లా గర్జించేవి. ఆ దుమ్ములో నిలబడి చూసినవాణ్ణి ఇప్పుడు నీతులు చెబితే ఎవరు వింటారు? పైగా వద్దన్న కోరిక పోదు, చీకటి పడ్డాక ఫ్రీవే మీదికి పోతుంది. ట్రాకు మీద ఎదురు వచ్చే కారు లేదు, రోడ్డు దాటే ముసలమ్మ లేదు, అంబులెన్సు మాత్రం ఉంటుంది. కోరికకు తాళం వేయడం కన్నా దానికి పని అప్పగించడం మేలని నా నమ్మకం.

ఇక సివిక్ ఎందుకంటే, వాడి ఎంపిక బాగానే ఉందని నాకూ అనిపించింది. ఆ కారు బరువు దాదాపు వెయ్యి కిలోలు. ఈనాటి కుటుంబపు కార్లు దానికి సగం బరువు అదనంగా మోస్తాయి. ఇంజను ఒకటిన్నర లీటర్లది, కొత్తలో 102 హార్స్‌పవర్లు. ఇవాళ్టి లెక్కలో ఇది ఏ మూలకూ రాదు. కాని దాని కాళ్ళు గొప్పవి. ప్రతి చక్రాన్నీ పైనొకటి, కిందొకటి రెండు చేతులు పట్టుకుని ఉంటాయి. దీన్ని డబుల్ విష్‌బోన్ అంటారు. గుంటలో పడినా, మలుపులో కారు ఒరిగినా టైరు నేలను వదలకుండా అవి కాపాడతాయి. ఇంత చౌక కారుకు నాలుగు చక్రాలకూ ఆ ఏర్పాటు చేయడం అరుదు. 2001లో వచ్చిన సివిక్‌లో ముందు చక్రాలకు అది తీసేశారు కూడా.

మిషిగన్‌లో పాత హోండా కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు వెనక చక్రాల పైరేకునీ, అడుగున బ్రేకు పైపుల్నీ తినేస్తుంది. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద చెయ్యి పెడితే అప్పడంలా విరుగుతుంది. అందుకని మేం టెన్నెసీ దాకా పోయి, ఉప్పు ఎరగని కారు 3,400 డాలర్లకు తెచ్చుకున్నాం. లక్షన్నర మైళ్ళు తిరిగింది. రంగు వెలిసిపోయింది, అడుగు మాత్రం శుభ్రంగా ఉంది.

మొదటి నాలుగు నెలలు మేం చేసింది పదును పెట్టడం కాదు, వైద్యం. టైమింగు బెల్టు, వాటర్ పంపు మార్చాం. ఆ ఇంజనులో బెల్టు తెగితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజను ఖర్చు మీద పడుతుంది. వెనక చక్రాలను పట్టుకునే ట్రెయిలింగ్ ఆర్ముల బుష్‌లు ఈ కార్లలో చిరిగిపోవడం మామూలు. మావీ చిరిగే ఉన్నాయి. పాతవి ఊడదీయడానికి రెండు శనివారాలూ, ఒక డబ్బా తుప్పు నూనె, నా కుడి మోచేతి చర్మం కొంత ఖర్చయ్యాయి. బాల్ జాయింట్లు, చక్రాల బేరింగులు, రబ్బరు గొట్టాలు అన్నీ చూశాం. రోడ్డు మీద పదేళ్ళకు బయటపడే లోపం ట్రాకు మీద పది నిమిషాల్లో బయటపడుతుంది. పాత కారును పందేనికి సిద్ధం చేయడమంటే ముప్పాతిక వంతు ఇదే. పత్రికల బొమ్మల్లో ఇది కనిపించదు.

ఆ తర్వాత బ్రేకులు. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, విసుక్కోకండి. కారులో ఉన్న ఊపు వేగంతో పాటు కాక, వేగం వర్గంతో పెరుగుతుంది. అరవై మైళ్ళ నుంచి తొంభైకి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే, ఆపవలసిన శక్తి మాత్రం రెండుంపావు రెట్లు. మా సివిక్ లాంటి చిన్న కారును, లోపల ఒక మనిషితో, తొంభై నుంచి నలభై అయిదు మైళ్ళకు తగ్గించామనుకోండి. ఆ ఒక్క తొక్కుడులో పుట్టే వేడితో రెండు లీటర్ల చన్నీళ్ళు మరిగించవచ్చు. అంటే పదిమంది చుట్టాలకు టీ నీళ్ళు. ట్రాకు మీద ఇలా నిమిషానికి ఒకటి రెండుసార్లు, ఇరవై నిమిషాల పాటు. ఆ వేడంతా వెళ్ళేది ముఖ్యంగా ముందు చక్రాల దగ్గరున్న రెండు ఇనప పళ్ళేలకు.

ఆ వేడి బ్రేకు ప్యాడ్లనే కాదు, బ్రేకు ఆయిలునూ కాలుస్తుంది. మన మెకానిక్కులు ఆయిలంటారు గాని అది నూనె కాదు, గాలిలో తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదు, తేమ పట్టిన తర్వాత ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కి ఇవే 230, 155. ఆయిలు మరిగితే బుడగలొస్తాయి. ద్రవం నలగదు, బుడగ నలుగుతుంది. కాలు వేస్తే పెడలు మెత్తగా నేలకు పోతుంది, కారు ఆగదు. అందుకే ట్రాకుకు వెళ్ళేముందు కొత్త డాట్ 4 పోసి గాలి తీయాలి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి, ఒకరు పెడలు తొక్కడానికి, ఒకరు చక్రం దగ్గర నిపిల్ విప్పడానికి. నేను సీసా, గొట్టం పట్టుకున్నాను, వాడు పాన పట్టుకున్నాడు, తొక్కేవాళ్ళు లేరు. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి ఆ బట్టలతోనే డ్రైవరు సీట్లో కూర్చుంది.

"అమ్మా, తొక్కు."

"తొక్కాను."

"అలాగే పట్టుకో. వదలకు."

గొట్టంలో బుడగలు వచ్చి సీసాలోకి పోతూంటే ఆవిడ కిటికీలోంచి వంగి చూసి, "ఇది మేం సెలైను గొట్టంలో గాలి తీసినట్టే ఉందిరా" అంది. నాలుగు చక్రాలూ అయ్యేదాకా లేవలేదు. చివర పెడలు రాయిలా గట్టిపడ్డాక రెండుసార్లు తనే తొక్కి చూసి, "ఇప్పుడు సరే" అంది. ఆ కారు మీద ఆవిడ వేసిన మొదటి మార్కు అదే.

టైర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎంత ఇంజనున్నా, ఎంత బ్రేకున్నా నేలను తాకేది నాలుగు అరచేతులంత రబ్బరే. ఆ రబ్బరుకు ఉన్న పట్టు ఒక జీతం లాంటిది. అంతా ఆగడానికే ఖర్చు పెడితే తిరగడానికి మిగలదు, అంతా తిరగడానికి పెడితే ఆగడానికి మిగలదు. అందుకే తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు వేసి, దాన్ని మెల్లగా వదులుతూ మలుపులోకి తిప్పాలి. ఈ ఒక్క సంగతి ఒంటబడితే మంచు రోడ్డు మీద కూడా పనికొస్తుంది. మా వాడు ట్రాకుకు ముందు ఒక వేసవంతా ఆటోక్రాస్ చేశాడు. ఖాళీ పార్కింగు లాటులో ప్లాస్టిక్ శంకువులు పెట్టి, ఒక్కొక్క కారునే వదులుతారు. తప్పిపోతే శంకువు పడుతుంది, అంతే. పిల్లల చేత మొదలు పెట్టించడానికి అంతకన్న మంచి బడి లేదు.

సివిక్‌లో ఇంజను లాగేది ముందు చక్రాలనే. తిప్పేదీ వాటినే, బ్రేకు భారంలో పెద్దవాటా మోసేదీ అవే. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలిలా చాకిరీ అంతా ముందు టైర్లు చేస్తూంటే, వెనక టైర్లు పెళ్ళికొచ్చిన చుట్టాల్లా నడిచొస్తాయి. అందుకే జోరుగా మలుపు తిప్పితే ముందు భాగం మాట వినకుండా బయటికి జారుతుంది. దీనికి మందు వెనక లావుపాటి యాంటీ రోల్ బారు వేయడం, ముందు చక్రాల పైభాగాన్ని కాస్త లోపలికి వంచడం. మేం రెండున్నర డిగ్రీలు వంచాం. కారు ఒరిగినప్పుడు బయటివైపు టైరు నేలకు సమంగా ఆనుతుంది. షాకబ్జర్లూ స్ప్రింగులూ జతగా మార్చాం. స్ప్రింగులు కోసి కారు కిందికి దింపే కుర్రాళ్ళున్నారు. అది చొక్కా బిగుతైందని చేతులు కోసుకున్నట్టు ఉంటుంది. వెనక బారు మరీ లావుదైనా ప్రమాదమే. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు వదిలితే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. కొత్తవాళ్ళకు మధ్యరకం చాలు.

సీటు దగ్గర చిన్న తగాదా పడ్డాం. వాడికి రేసుకార్లలో ఉండే ఆరు పట్టీల బెల్టు కావాలి. లోపల రోల్ బారు లేకుండా అలాంటి బెల్టు వేయకూడదు. కారు పల్టీ కొట్టి కప్పు కిందికి నలిగితే, మామూలు బెల్టు మనిషిని పక్కకు ఒరగనిస్తుంది. ఆరు పట్టీలది నిటారుగా కట్టి ఉంచుతుంది. ఆ కప్పు బరువు మెడ మీద పడుతుంది. ఈ విషయం నేను చెప్పేలోగానే వాళ్ళమ్మ చెప్పింది, కొంచెం వివరంగానే చెప్పింది. వాడు మళ్ళీ అడగలేదు. కంపెనీ బెల్టే ఉంచి, ఒంటిని పట్టి ఉంచే మంచి సీటు వేశాం. హెల్మెట్టు స్నెల్ సంస్థ ఎస్.ఏ. గుర్తున్నది కొన్నాం. మోటారు సైకిలు హెల్మెట్టుకు ఉండే ఎం. గుర్తు దీనికి చాలదు, ఎస్.ఏ. రకానికి నిప్పుకు తట్టుకునే పరీక్ష కూడా ఉంటుంది.

2022 ఆగస్టులో సౌత్ హేవెన్ దగ్గర జింజర్‌మాన్ ట్రాకుకు బయల్దేరాం. మిషిగన్ సరస్సు ఒడ్డున బ్లూబెర్రీ తోటల ఊరు అది. ట్రాకు రెండు మైళ్ళు పైచిలుకు, పదకొండు మలుపులు, పక్కన గడ్డి విశాలంగా ఉంటుంది. దారి తప్పితే ఆ గడ్డిలోకి పోతారు గాని, గోడకు కొట్టుకోవడం తక్కువ. ఉదయాన్నే తనిఖీ. లోపల కదిలే వస్తువేదీ ఉండకూడదన్నారు. డాష్‌బోర్డు మీద మా ఆవిడ పెట్టిన వినాయకుణ్ణి కూడా తీయమన్నారు. ఆవిడ స్వామిని హ్యాండుబ్యాగులో పెట్టుకుని, సాయంత్రం దాకా ఆ బ్యాగు చేతిలోంచి దించలేదు.

ఇది పందెం కాదు, డ్రైవింగు బడి. పక్కసీట్లో ఇన్‌స్ట్రక్టరు కూర్చుంటారు. మా వాడికి దొరికినాయన రిటైరైన స్కూలు మాస్టారు, గొంతు పెంచని మనిషి. పసుపు జెండా అంటే జాగ్రత్త, దాటవద్దు. నల్లజెండా చూపితే లోపలికి రావాలి. అన్నిటికన్న నాకు నచ్చిన నియమం ఒకటుంది. ముందు కారువాడు కిటికీలోంచి చెయ్యి చూపి "పద" అంటేనే వెనకవాడు దాటాలి. మన ఊళ్ళలో ఈ నియమం పెడితే ఎవరూ ఆఫీసుకు చేరరేమో! 400 హార్స్‌పవర్ల పెద్దకార్లు తిన్నని దారిలో మా సివిక్‌ను గాలిలా దాటేవి. మలుపుల్లో మళ్ళీ మా చిన్నది వాటి వెనకే కనబడేది. ఒకాయనైతే దిగొచ్చి బానెట్టు ఎత్తమని అడిగి, ఆ ఒకటిన్నర లీటర్ల ఇంజను చూసి నవ్వుతూ చెయ్యి కలిపాడు.

మధ్యాహ్నం ఎండ ముదిరింది. చివరి ఆటకు ఇరవై నిమిషాలుంది. రోజంతా వాడు ఎదురు చూసింది ఆ ఇరవై నిమిషాల కోసమే. ఆ ఆటకు వాణ్ణి ఒంటరిగా వదిలారు. మేమిద్దరం కంచె దగ్గర నిలబడ్డాం. మూడు చుట్లు తిరిగాడు. నాలుగో చుట్టులో కారు రాలేదు. మా ఆవిడ చెయ్యి నా చెయ్యి పట్టుకుంది, వేళ్ళు చల్లగా ఉన్నాయి. నేను గడ్డి వైపు చూస్తున్నాను, ఆవిడ అంబులెన్సు వైపు చూస్తోంది. అంతలో వెనకనుంచి మెల్లగా సివిక్ చప్పుడు వినిపించింది. వాడు పిట్ దారిలోంచి లోపలికొచ్చి, ఇంజను ఆపి, హెల్మెట్టు తీసి చెప్పాడు:

"పెడల్ కొంచెం సాఫ్ట్‌గా ఉంది నాన్నా. చాలు."

ఎవరూ జెండా చూపలేదు. ఎవరూ పిలవలేదు. కారు ఇంకా నడిచేదే, ఇంకా పదమూడు నిమిషాలుంది, డబ్బు కట్టిన ఆట. కారు చల్లారాక చక్రం విప్పి చూస్తే ముందు ప్యాడ్లు దాదాపు ఇనుము దాకా అరిగాయి, ఆయిలు కాఫీ రంగుకు వచ్చింది. ఇంకో రెండు చుట్లు తిరిగి ఉంటే ఏమయ్యేదో నేను లెక్క వేయలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు. బ్యాగులోంచి వినాయకుణ్ణి తీసి మళ్ళీ డాష్‌బోర్డు మీద తనే అంటించింది.

ఆ చలికాలం పాత సామాన్ల యార్డులో అదే తరం ఇంటెగ్రా కారు ముందు బ్రేకులు సంపాదించాం. మా పళ్ళేలు 240 మిల్లీమీటర్లు, అవి 262. వేడి పట్టడానికి ఇనుము ఎక్కువ, చల్లారడానికి చోటు ఎక్కువ. ఇంజను ఇంకా పాతదే. ఇప్పుడు దాన్ని మార్చడానికి వాడికి అనుమతుంది గాని, వాడే తొందరపడడం లేదు. ఉన్న 102 హార్స్‌పవర్లనూ పూర్తిగా వాడుకోవడం ఇంకా రాలేదంటాడు.

ఖర్చు అడుగుతారని తెలుసు. కారు కాక మొదటి ఏడాది టైర్లకు 560 డాలర్లు, బ్రేకు సామాన్లకు 340, షాకబ్జర్లకూ స్ప్రింగులకూ 950, సీటు, హెల్మెట్టు కలిపి 800, బుష్‌లూ బెల్టులూ వగైరా 600. ట్రాకు ఫీజు వేరే. చాలా మామూలు ఇన్సూరెన్సు పాలసీలు ట్రాకు మీద జరిగినదానికి చెల్లించవు. ముందే చదువుకోండి, కావాలంటే ఆ ఒక్కరోజుకు విడిగా పాలసీ దొరుకుతుంది. ఎగ్జాస్టు శబ్దం కోసం కెటలిటిక్ కన్వర్టరు పీకేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రోడ్డు మీద తిరిగే కారుకు అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. హార్స్‌పవర్లు పెరిగేదీ అంతంత మాత్రమే.

మొన్నొక విందులో ఒక పెద్దాయన, "ఇంజనీరింగు చదివించి అబ్బాయిని మెకానిక్కు చేస్తున్నారా?" అని నవ్వుతూ అడిగారు. నేనూ నవ్వాను. మనం ఈ దేశం వచ్చింది పిల్లలు మనకన్న వేగంగా ముందుకు పోవాలనే. ఎంత వేగం పోవాలో చెప్పడానికి బళ్ళున్నాయి, కాలేజీలున్నాయి, మనమూ ఉన్నాం. ఎక్కడ కాలు తీయాలో తనంతట తనే తెలుసుకునే చోటు మాత్రం తక్కువ. మా వాడికి అది పాత సివిక్‌లో దొరికింది. మీ పిల్లలకు మరో చోట దొరకవచ్చు.

ఎవరింట్లోనైనా కుర్రవాడో, అమ్మాయో పాత కారు కోసం మారాం చేస్తూంటే శనివారం మా గరాజుకు పంపండి. పాత బట్టలతో రమ్మనండి. మొదటి రోజు ఇంజను చూపించం, బ్రేకు పెడలు తొక్కే పని ఇస్తాం. మధ్యాహ్నం పప్పూ, ఆవకాయా మా ఇంట్లోనే.